భిలాయి క్వార్టర్లలో అరిసెల రోజులు

భిలాయి తెలుగిళ్లలో అరిసెలకు ముహూర్తం షిఫ్టు చార్టు చూసి పెట్టేవారు. ఇంటాయనది నైట్ షిఫ్టు వారమైతే పగలంతా ఆయన పడుకోవాలి, రోకటి పోటు వినపడకూడదు. ఫస్ట్ షిఫ్టయితే పొద్దున్న ఆరింటికల్లా ఉక్కు ప్లాంటులో ఉండాలి. నాలుగింటికే లేచి క్యారేజీ కట్టాలి, మధ్యాహ్నం రెండు దాటగానే మళ్లీ అన్నం వడ్డించాలి, మధ్యలో పెద్ద వంట పెట్టుకోవడానికి వీలుండదు. సెకండ్ షిఫ్టే అనువు. రెండింటికి మనిషి సైకిలెక్కాడంటే రాత్రి పదింటిదాకా ఇల్లూ వాకిలీ ఆడవాళ్లవి.

ఒక్క ఇంటి షిఫ్టు కుదిరితే చాలదు, అటూ ఇటూ క్వార్టర్ల వాళ్లకీ కుదరాలి. అరిసెలు ఒంటి చేత్తో అయ్యే వంట కాదు. పాకంలో పిండి పోసేవారొకరు, గిన్నె జారకుండా పట్టుకునేవారొకరు, తెడ్డు తిప్పేవారు ఇంకొకరు. నూనె మూకుడు దగ్గర వత్తడానికి, వేయించడానికి, నొక్కడానికి మళ్లీ ముగ్గురు. సొంతూళ్లో అయితే తోడికోడళ్లు, ఆడపడుచులు, మేనత్తలు ఉంటారు. ఐదొందల కిలోమీటర్ల అవతల, కంపెనీ ఇచ్చిన రెండు గదుల ఇంట్లో ఆ వరసలన్నీ స్ట్రీట్లోనే వెతుక్కోవలసి వచ్చింది. అలా దొరికిన వదినలు, పిన్నులు, అక్కలు కొందరికి సొంతవాళ్లకంటే ఎక్కువయ్యారు.

ఈ జనం అక్కడికి చేరిన దారి ఇది. ఉక్కు కర్మాగారం కోసం 1955 ఫిబ్రవరి 2న భారత, సోవియట్ ప్రభుత్వాల మధ్య ఒప్పందం కుదిరింది. అప్పటికి భిలాయి ఛత్తీస్‌గఢ్ ప్రాంతపు దుర్గ్ జిల్లాలో, హౌరా–బొంబాయి రైలు దారి పక్కన ఓ పల్లె. నాలుగేళ్లకు, 1959 ఫిబ్రవరి 4న, రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. ఆ మధ్యకాలంలో మట్టి తవ్వినవాళ్లలో, కాంక్రీటు మోసినవాళ్లలో, తర్వాత కొలిమిల దగ్గర కుదురుకున్నవాళ్లలో అప్పటి శ్రీకాకుళం, విశాఖ జిల్లాల వాళ్లు చాలామంది. విజయనగరం నుంచి పార్వతీపురం, రాయగడ, టిట్లాగఢ్ మీదుగా రాయపూర్ వెళ్లే లైను 1931 నాటికే పూర్తయి ఉంది. కరువుకో, అప్పుకో ఊరు విడిచినవాడికి ఆ పాసింజరు బండే దిక్కు. ముందు క్యాంపు–1, క్యాంపు–2 లోని తాత్కాలిక ఇళ్లు, ఆ తర్వాత సెక్టార్లలో పక్కా క్వార్టర్లు, వాటికి ఆవల ఖుర్సీపార్ బస్తీలు. సెక్టర్ 5లో బాలాజీ గుడి, ఆంధ్ర సాహిత్య సమితి వెలిశాయి. తెలుగు వినపడని సెక్టరు లేకుండా పోయింది.

ఇక సంక్రాంతి. ఉత్తరాంధ్ర వాళ్లకు అది పెద్దపండగ, ఏడాది మొత్తానికి లెక్క అక్కణ్నుంచే. బ్లాస్ట్ ఫర్నేసుకు మాత్రం పండగ లేదు. ఒకసారి వెలిగించాక ఏళ్ల తరబడి ఆరనివ్వరు. ఇనుప ఖనిజమూ కోకూ పడుతూనే ఉండాలి, కరిగిన ఇనుము వేళకు దిగుతూనే ఉండాలి. ఊరికి వెళ్లడానికి సెలవు దొరికినవాళ్లు వెళ్లేవారు. దొరకనివాళ్లు ఇక్కడే భోగిమంట వేసేవారు. గొబ్బెమ్మలకు పేడ పశువులు కాసే రావుతుల దగ్గర దొరికేది. అరిసెలు మాత్రం మొదలంటా సొంతంగా చేసుకోవలసిందే.

బియ్యానికి లోటు లేదు. ఛత్తీస్‌గఢ్ మైదానాన్ని వరి గిన్నె అంటారు. 1970లలో రాయపూర్ వరి పరిశోధన సంస్థను నడిపిన డాక్టర్ ఆర్.హెచ్. రిఛారియా ఈ ప్రాంతంలో దాదాపు 19,000 వరి రకాలను సేకరించి నమోదు చేశారు. డిసెంబరుకల్లా కొత్త ధాన్యం మిల్లులకొస్తుంది. కొత్తగా కాపురానికొచ్చిన అమ్మాయి ముందు నేర్చుకోవలసింది కొట్టువాడి మాట. అరవా అంటే పచ్చి బియ్యం, ఉసనా అంటే ఉప్పుడు బియ్యం. ఉసనాతో అరిసె రాదు. ఉడికి ఆరిన గింజ మళ్లీ ఎంత నానినా ఆ పిండికి పాకాన్ని పట్టుకునే గుణం ఉండదు. తర్వాతి రోజుల్లో చిత్రం జరిగింది. పశ్చిమ గోదావరి జిల్లా మారుటేరు కేంద్రం నుంచి 1982లో విడుదలైన స్వర్ణ వరి ఈ మైదానమంతా పాకింది. దుర్గ్ పొలాల్లో పండిన బియ్యంతో భిలాయిలో అరిసె వండుతున్నా, విత్తనం గోదావరి గట్టుదే.

బెల్లం దగ్గర మాత్రం ఎవరూ రాజీ పడేవారు కాదు. దసరాకో దీపావళికో ఊరికి వెళ్లొచ్చినవాళ్లు అనకాపల్లి బెల్లం దిమ్మలు గోనెగుడ్డలో చుట్టి బెర్తు కింద పెట్టుకుని తెచ్చేవారు. ఇక్కడా కవర్ధా వైపు చెరకు పండుతుంది, అక్కడి గుడ్ బజారులో దొరుకుతుంది, తియ్యగానే ఉంటుంది. అయితే రెండింటి పాకం ఒకలా నడవదు. చెరకు పుల్లబారినా, నరికాక నిలవ ఉన్నా, అందులోని పంచదార కొంత విరిగిపోతుంది. ఆ బెల్లం పాకం ఎంత కాచినా బంకగానే సాగుతుంది తప్ప ఉండ కట్టదు. అందుకే ఊరి బెల్లం అయిపోయిన ఇళ్లలో ముందు చిన్న ముక్క కాచి చూసి, తర్వాతే దిమ్మ పగలగొట్టేవారు.

బియ్యం ఒక పగలూ రాత్రీ నానాలి, మధ్యలో నీళ్లు మార్చాలి. వాడ్చి, నీడన గుడ్డ మీద ఆరబోసి, చేత్తో పిడికిలి పడితే తడి తగిలేటప్పుడే దంపాలి. సముద్రపు గాలి తగిలే శ్రీకాకుళంలో ఆ తడి నిలుస్తుంది. జనవరిలో దుర్గ్ గాలి పొడిగాలి. గంట ఏమరితే పిండి ఆరిపోతుంది, ఆరిన పిండి అరిసె నూనెలో విచ్చిపోతుంది. దంచిన పిండిని దంచినట్టే గిన్నెలో అదిమి తడిగుడ్డ కప్పడం ఇక్కడ నేర్చుకున్న పద్ధతి.

దంచడం ఎక్కడ? క్వార్టర్లు కట్టినవాళ్ల లెక్కలో రోలు లేదు. రెండంతస్తుల బ్లాకులో పై ఇంట్లో రోకలి వేస్తే కింద ఇంట్లో సున్నం రాలుతుంది. కిందివాళ్ల పెరడే గతి. రోలు లేనివాళ్లకు పక్క పల్లెల నుంచి పనికొచ్చే ఛత్తీస్‌గఢీ ఆడవాళ్లు దారి చూపించారు. వాళ్ల ఊళ్లలో కాలితో తొక్కే ఢేంకీలు ఉండేవి. బియ్యం మూట ఇచ్చి, వెంట వెళ్లి, పక్కన నిలబడి దంపించుకుని వచ్చేవారు. ఆ పనిమనుషులకు ఈ వంట కొత్త కాదు. పండగలకీ పెళ్లిళ్లకీ వాళ్లు నానబియ్యం పిండీ బెల్లమూ కలిపి నూనెలో వేయించే అయిరసా ఉండనే ఉంది. ప్లాంటు కోసం భూములు పోగొట్టుకున్న పల్లెల మనుషులూ, ఆ ప్లాంటులో పనికోసం వచ్చిన మనుషులూ ఒకే పిండి చుట్టూ కూర్చున్న చోటు అది. ఆ సంగతి ఎవరూ రాసిపెట్టలేదు, రాయవలసింది.

తర్వాత ఆటా చక్కీలు వచ్చాయి. గోధుమలు ఆడే రాళ్లకు తడిబియ్యం పట్టేస్తుంది కాబట్టి చక్కీవాడు అందరి గిరాకీ అయ్యాకే ఒప్పుకునేవాడు. మొదట పోసినవాళ్ల పిండిలో గోధుమ కలుస్తుంది. అందుకని ఎవరి డబ్బా ముందు, ఎవరిది వెనక అన్న దగ్గర వాదులాట తప్పేది కాదు.

కిలో బియ్యానికి ముప్పావు కిలో బెల్లం మామూలు లెక్క. ఆపైన అంతా పాకం పట్టే మనిషి చేతిలో ఉంటుంది. స్ట్రీటుకొకావిడ ఉండేది పాకం చూడ్డానికి. ఆవిడ వచ్చేదాకా బెల్లం పొయ్యెక్కదు. వంటగ్యాస్ ఇంటింటికీ రాకముందు మంట అంటే బొగ్గుల సిగిడీయే. సాయంత్రమైతే వాకిళ్లలో వరసగా సిగిడీలు వెలిగించేవారు, నిప్పు ఎర్రబారాక లోపలికి తెచ్చుకునేవారు. ఆ నిప్పుతో చిక్కేమిటంటే, పెంచడం చేతనవుతుంది గాని చప్పున తగ్గించడం కుదరదు. ఉండపాకానికీ ముదురుపాకానికీ మధ్య ఉన్నది కొన్ని క్షణాలే. కాబట్టి రాబోయే పాకాన్ని ముందే కనిపెట్టి గిన్నె దించెయ్యాలి.

“వదినా, ఇంకాస్త ముదరనిద్దామా?”

“వద్దమ్మా, ఈ చలికి కిందికి దించాక అదే ముదురుతుంది. పిండి పట్రా.”

పళ్లెంలో నీళ్లు పోసి అందులో చుక్క పాకం వేస్తారు. వేళ్లతో దగ్గరికి తీస్తే మెత్తటి ఉండ కావాలి, పళ్లానికేసి కొడితే చప్పుడు రావాలి. సరిగ్గా ఆ వేళకు వీళ్ల మగవాళ్లు ప్లాంటులో ఇలాంటి పనే చేస్తూ ఉండేవారు. ఓపెన్ హార్త్ కొలిమిలో కాగే ఉక్కును నీలి అద్దంలోంచి చూసి, పొడుగు కాడ గరిటెతో నమూనా తీసి, గడ్డకట్టాక విరిచి, ఆ విరిగిన ముఖం చూసి ఉక్కు తీరు పోల్చుకోవడం ఆ తరం పనివాళ్ల విద్య. ఆ విద్యకు గ్రేడూ జీతమూ ఉండేవి. పాకం చూసిన ఆవిడకు దక్కింది మొదటి వాయి అరిసె.

పిండి పోసి తిప్పగా తయారైన చలిమిడిలో నెయ్యి, ఏలకుల పొడి, నువ్వులు పడతాయి. అందులో సగం పిల్లలే తినేసేవారు. అరటాకు దొరకని చోట మోదుగాకు మీద నెయ్యి రాసి వత్తేవారు. నూనెలో పొంగిన అరిసెను రెండు చిల్లుల గరిటెల మధ్య పెట్టి నొక్కితే నూనె కారిపోతుంది. గట్టిగా నొక్కితే చెక్క, వదులుగా నొక్కితే జిడ్డు. ఆ పని కొత్త కోడళ్లకు ఇచ్చేవారు కాదు. చల్లారినవి డాల్డా డబ్బాల్లోకి వెళ్లేవి. సెకండ్ షిఫ్టు దిగి మగవాళ్లు వచ్చేసరికి ఒకరింటి పని ముగిసేది. మర్నాడు పక్కింటి వంతు. ఐదారిళ్ల వంతులు తిరిగేసరికి పండగ వచ్చి కూర్చునేది.

క్వార్టర్లు కంపెనీ ఇచ్చేవి కాబట్టి పక్కింట్లో ఎవరుండాలన్నది ఎవరి చేతుల్లోనూ ఉండేది కాదు. ఒకే వరసలో శ్రీకాకుళం కాపు, నాగపూర్ మరాఠీ, గంజాం ఒడియా, తంజావూరు తమిళుడు, బిహారీ. దానివల్ల ఒక ఏడాదిలో ఒకే వంట ఎన్నిసార్లు ఎన్ని రూపాల్లో వరండా దాటి వచ్చేదో చూస్తే ముచ్చటేస్తుంది. దీపావళికి మరాఠీ ఇంట్లో అనారసే. వాళ్లు బియ్యం మూడు రోజులు నానబెట్టి, కాస్త పులియనిచ్చి, ఒక పక్క గసగసాలు అద్ది వేయిస్తారు. అదే పండక్కి తమిళుల అదిరసం. మార్గశిరంలో గురువారాలు ఒడియా ఆడవాళ్లు లక్ష్మీపూజ చేసి ఆరిసె పిఠా నైవేద్యం పెడతారు. పుష్యమాసంలో మనవి. పుష్య పౌర్ణమికి పల్లెల పిల్లలు ఇల్లిల్లూ తిరిగి ధాన్యం అడిగే ఛేర్‌ఛేరా. సెక్టార్ల అంచుల్లో వాకిలికొచ్చిన ఆ పిల్లల చేతుల్లో తెలుగావిడ అరిసె పెట్టేది. పళ్లెం ఖాళీగా తిరిగి పంపే అలవాటు ఏ భాషవాళ్లకీ లేదు. అందుకే ఆ పళ్లేలు తిరుగుతూనే ఉండేవి. మరాఠీ పక్కింటి గసగసాలు కొన్ని తెలుగిళ్ల అరిసెల మీదకు చేరింది ఈ రాకపోకల్లోనే.

తీపి వంటతో ఏడాది మొదలుపెట్టే ఆచారమున్న జాతివాళ్లు ఇంకా దూరాల నుంచి కూడా భిలాయికి వచ్చారు. 1957 నుంచి 1959 దాకా ఈ కర్మాగార నిర్మాణానికి చీఫ్ ఇంజనీరుగా ఉన్న సోవియట్ నిపుణుడు వెనియామిన్ దిమ్షిత్స్ క్రిమియాలోని ఫియొదోసియాలో 1910లో పుట్టిన యూదుడు. మాగ్నితోగోర్స్క్ లాంటి పెద్ద ఉక్కు నిర్మాణాల్లో పనిచేసి ఇక్కడికొచ్చారు. తర్వాత 1962లో సోవియట్ ఉప ప్రధాని పదవికి ఎదిగారు. తూర్పు యూరప్ యూదుల ఇళ్లలో కొత్త సంవత్సరం రోష్ హషానాకు తేనె కేకు కాలుస్తారు. సెప్టెంబరు, అక్టోబరు రోజుల పండగ అది. తేనె, చిక్కటి టీ డికాక్షన్, దాల్చినచెక్క, లవంగం, పిండి, గుడ్లు, వెన్నకు బదులు నూనె. మాంసంతో పాటు పాల పదార్థం తినకూడదన్న నియమం వల్ల వెన్న వెయ్యరు. ఆ నూనె వల్లా తేనె వల్లా కేకు నిలవుంటుంది, మూడో రోజుకు మొదటి రోజుకంటే రుచిగా ఉంటుంది. అరిసె గుణమూ అదే. సోవియట్ పాలనలో సినగాగులు చాలావరకు మూతపడ్డాయి. ప్రార్థన మరుగునపడిన ఇళ్లలోనూ వంట మిగిలింది. గుడి లేనిచోట పండగను వంటగది మోస్తుందన్నది భిలాయి తెలుగువాళ్లకు, ముఖ్యంగా బాలాజీ గుడి లేవకముందు క్యాంపుల్లో బతికినవాళ్లకు, ఒకరు చెప్పనక్కర్లేదు.

భిలాయి మీదుగా సాగే రైలు దారి రెండు కొసల్లోనూ యూదుల తీపి ఉంది. బొంబాయి, కొంకణ తీరాల బెనె ఇజ్రాయెలీలు అదే కొత్త సంవత్సరానికి గోధుమపాలు, కొబ్బరిపాలు, పంచదార కలిపి గంటల తరబడి తిప్పి హల్వా చేస్తారు. 1902లో మొదలైన బాగ్దాదీ యూదుల నహూమ్ బేకరీ కలకత్తా న్యూ మార్కెట్లో ఉంది. చాలామంది విదేశాలకు వలస వెళ్లాక కలకత్తాలో యూదులు గుప్పెడుమందే మిగిలారు. కేకులు కొనేవాళ్లలో యూదులు అరుదు. మనుషులు వెళ్లిపోయాక వంట కొట్లో మిగలడం భిలాయి అరిసెకూ పట్టిన గతే.

బిడ్డ తొలి అడుగు వేస్తే అరిసెలు పంచడం తెలుగిళ్ల ఆచారం. అరిసెలు పరిచి వాటి మీదుగా నడిపిస్తారు, తర్వాత ఇల్లిల్లూ పంచుతారు. భిలాయిలో ఆ పంపకం బ్లాకు మొత్తానికీ జరిగేది. పెళ్లై అత్తారింటికి వెళ్లే పిల్ల సారెలో అరిసెలు ఉండాలి. సారె రాయపూర్ దాకా బస్సులో, అక్కణ్నుంచి పాసింజరులో వెళ్లాలి కాబట్టి పాకం ఒక్క పిసరు ముదురు పట్టేవారు. ప్రయాణం అరిసె, ఇంటి అరిసె అని రెండు లెక్కలుండేవి. ఈ లెక్కలు ఏ వంటల పుస్తకంలోనూ ఉండవు.

ఈ వంతుల వంట పోవడానికి కారణాలు చాలా ఉన్నాయి. అన్నీ చెడ్డవి కావు. సిగిడీ పోవడం మంచిదే. ఆ పొగకు ఆడవాళ్లు పడ్డ దగ్గూ కళ్లమంటా తక్కువ కాదు, వాటిని తలచుకుని మురవనక్కర్లేదు. దెబ్బ తగిలింది వేరేచోట. క్వార్టరు ఉద్యోగంతో ముడిపడినది. రిటైరైతే ఖాళీ చెయ్యాలి. ముప్పై ఏళ్లు ఒకరి పాకం ఒకరు చూసుకున్న ఇళ్లు ఒక్కొక్కటే చెదిరిపోయాయి. ఒకరు హుడ్కో కాలనీలో ఇల్లు కట్టుకున్నారు, ఒకరు రిసాలీలో, ఒకరు ఊరికి వెళ్లిపోయారు. 1980లలో విశాఖ ఉక్కు కర్మాగారం లేస్తున్నప్పుడు భిలాయిలో పని నేర్చిన కుటుంబాలు కొన్ని సొంత సముద్రం దగ్గరికి తిరిగి వెళ్లాయి. 1990ల నుంచి కర్మాగారంలో శాశ్వత ఉద్యోగాలు తగ్గుతూ, కాంట్రాక్టు పని పెరుగుతూ వచ్చింది. భిలాయి కార్మికుల మధ్య ఏళ్ల తరబడి పరిశోధన చేసిన మానవ శాస్త్రవేత్త జోనథన్ పారీ 2020లో వచ్చిన తన పెద్ద పుస్తకంలో శాశ్వత ఉద్యోగికీ కాంట్రాక్టు కూలీకీ మధ్య పెరిగిన ఈ ఎడాన్నే ప్రధానంగా చర్చించారు. కాంట్రాక్టు కూలీకి సెక్టార్లో క్వార్టరు లేదు. వచ్చే ఏడాది ఇదే పక్కింటివాళ్లు ఉంటారన్న నమ్మకమూ లేదు. ఆ నమ్మకం లేనిచోట వంతుల వంట సాగదు.

పిల్లల చదువు ఇంకో కారణం. ఐఐటీ ప్రవేశ పరీక్షలకు పేరుపడ్డ ఊరు భిలాయి. 2016లో భిలాయి పేరుతో ఐఐటీయే ఏర్పడింది. జనవరి అంటే పరీక్షలు దగ్గరపడే నెల. ఇంట్లో పిల్ల చదువుకుంటుంటే పక్కింటివాళ్లు రోకలి తీయడానికి మొహమాటపడ్డారు. చదివిన పిల్లలు బెంగళూరు, హైదరాబాదు, అమెరికా వెళ్లారు. వాళ్లకు అరిసె తినడం వచ్చు, నొక్కడం రాదు. నేర్పినవాళ్లు లేరని వాళ్లను తప్పుపట్టడం అన్యాయం. ఆ రోజుల్లో తల్లులే ‘చదువుకో పో’ అని మూకుడు దగ్గర్నుంచి లేపేశారు.

ఇప్పుడు సంక్రాంతికి భిలాయిలో అరిసెలు కావాలంటే ఆర్డరు ఇస్తే వస్తాయి. పాకెట్లలో ఆంధ్రా నుంచి వచ్చేవీ ఉన్నాయి, అన్నీ ఒకే గుండ్రం, ఒకే రంగు. కిలో బియ్యంతో ఇంట్లో చేసుకునే పెద్దవాళ్లు అక్కడక్కడా ఉన్నారు. మిక్సీలో పిండి పట్టి, గ్యాసు మీద సన్నమంట పెట్టి, ఇద్దరే కూర్చుని రెండు రోజులు తిప్పలు పడతారు. ఆ వంట వాళ్ల ఓపికను బట్టి కాక పిల్లల సెలవులను బట్టి నడుస్తోంది.

విశాఖలో గాజువాక, కూర్మన్నపాలెం వైపు స్థిరపడిన భిలాయి ఆడవాళ్లు కొందరు మాత్రం ఇంకా ఒక వాయి గసగసాలద్ది తీస్తారు. కొత్తగా వచ్చిన వియ్యపురాలు పళ్లెం అందుకుని అడుగుతుంది.

“ఇదేంటొదినా, అరిసెకు గసగసాలేంటి?”

“మా సెక్టార్లో ఇలాగే చేసేవాళ్లం.”